మదారు సాయబు గడ్డం

అనంతగిరి దాటి కొంత దూరం పోతే ఎర్రబోడు అనే ఊరు వస్తుంది. ఆ ఊళ్లో ముస్లింలంటే దూదేకుల వాళ్లే. వాళ్లలో మదారు సాయబు ఇల్లే పెద్దదని అందరూ అనేవారు. నిజానికి అది రెండు గదుల ఇల్లు. కాకపోతే ఊరి పీర్ల కొట్టం దానిని ఆనుకొని ఉండేది, మొహర్రం వచ్చిందంటే ఊరు ఊరంతా ఆ వాకిట్లోనే ఉండేది.

మిగతా ఏడాదంతా మదారు కోదాడలో, హైవే పక్కన రేకుల షెడ్డులో పరుపులు కుట్టేవాడు. తాతల కాలంలో విల్లులాంటి బద్ద పట్టి దూది ఏకేవారు. ఇతని కాలానికి కరెంటు మిషను వచ్చింది. సాయంత్రం షెడ్డు మూసి బయటికి వస్తే కనుబొమ్మలు, మీసం, చెవుల మీది వెంట్రుకలు అన్నీ తెల్లగా దూది పట్టి ఉండేవి. గడ్డం మాత్రం ఉండేది కాదు. నున్నగా గీయించుకోవడం అతనికి వయసొచ్చినప్పటి నుంచి ఉన్న ఒకే ఒక్క షోకు.

అతనికి ఉర్దూ రాదు. ఇంట్లో అమ్మ, నాయిన అనే పిలుపులే. నమాజు అంటే రంజానుకు, బక్రీదుకు కోదాడ ఈద్గాకు పోయి పక్కవాడు వంగితే వంగడం, లేస్తే లేవడం. కానీ పీరు సంగతి వేరు. కర్రకు ఇత్తడి చెయ్యి తొడిగిన పెద్ద పీరును ఎత్తేది ఆ ఇంటివాళ్లే. ఎత్తినప్పుడు మదారుకు ఒళ్లు వణికేది, కళ్లు మూతపడేవి, నోట్లోంచి వచ్చిన మాటను గొల్లవాళ్లు తలకెత్తుకునేవారు. ఏ దిక్కు మంద మళ్లించాలో, ఏ వారం కొత్త గొర్రెలను కలపాలో ఆ మాటే చెప్పేది. గొల్ల బక్కయ్య అయితే పీరుకు మొక్కినాకే తనకు కొడుకు పుట్టాడని, వాడికి హుసేనయ్య అని పేరు పెట్టాలనుకున్నాడు. బళ్లో పంతులు సంతోష్ అని రాసుకున్నాడు. బక్కయ్యా మదారూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

2001లో, మొహర్రం వచ్చి పోయిన తర్వాత, ఎండలు ముదురుతుండగా ఊరూరూ తిరిగి నమాజు నేర్పే ఒక జమాతు ఊరికి వచ్చింది. తెల్ల లాల్చీలు, టోపీలు, చుట్టిన పక్కబట్టలు. ఊళ్లో మసీదు లేదు కాబట్టి వాళ్లు పీర్ల కొట్టంలోనే దిగారు. తాము ఏ నమ్మకాలను మాన్పించాలని వచ్చారో, ఆ పీర్ల పెట్టె సరిగ్గా వాళ్ల తలల మీది అటకపైనే ఉంది. మదారు ఆ సంగతి చెప్పలేదు. అతిథులను ఇబ్బంది పెట్టడం ఎందుకనుకున్నాడు.

వాళ్ల పెద్ద మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో గుమాస్తా. మెత్తటి మనిషి. మదారును కూర్చోబెట్టి, "భాయ్, నీకు వచ్చిన దువా ఏదన్న ఒకటి చదువు" అన్నాడు.

మదారు తలకు తువ్వాల చుట్టుకొని మొదలుపెట్టాడు. "బిస్మిల్లా... హసనయ్య, హుసేనయ్య, మీ పాదాలకు దండం... గొడ్డు గోద సల్లంగుండాలె, వానలు పడాలె, పిల్లాజెల్లా మంచిగుండాలె... ఆమీన్."

కుర్రవాళ్లు నవ్వు ఆపుకొంటుంటే పెద్దాయన నవ్వలేదు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీది తప్పు గాదు భాయ్. ఇన్నేండ్లు నీ ఊరికి రాకపోవుడు మాది తప్పు" అన్నాడు.

తిడతారని తయారై కూర్చున్న మదారుకు ఆ మాట ఎక్కడో తగిలింది. ఆ వేసవంతా షెడ్డులో మిషను గోలలో గొంతెత్తి, ఆయన నేర్పిపోయిన ఖురాను మొదటి సూరా అల్‌హందును వల్లె వేశాడు. బేరానికి వచ్చినవాళ్లు మిషను మీద కోపంతో అరుస్తున్నాడనుకునేవారు. పక్కవాణ్ని చూడకుండా మొదటిసారి మొత్తం నమాజు ఒంటరిగా చదివిన రోజు అతను చాపమీంచి చాలాసేపు లేవలేదు. భార్య హుసేన్‌బీ భయపడి వచ్చి భుజం తట్టింది.

"ఏమైంది?"

"ఏంగాలె. ఇన్నేండ్లు పీరుకు ఊరి బాధలు చెప్పిన. ఇయాల అల్లాకు నా బాధ చెప్పుకున్న" అన్నాడు.

అప్పటి నుంచి శుక్రవారం కోదాడ మసీదు, మొహర్రానికి ఎర్రబోడు పీరు. ఈ రెండూ ఒక మనిషిలో ఉండకూడదని అతనికి తోచలేదు. తోచినవాళ్లు తర్వాత వచ్చారు, వాళ్లలో మొదటివాడు సొంత కొడుకు.

కొడుకు పేరు నాగుల్‌మీరా. సూర్యాపేటలో ఐటీఐ చదవడానికి పోయి, ఎలక్ట్రీషియన్ సర్టిఫికెటుతో పాటు గుండెల దాకా గడ్డం, చీలమండల పైకి ప్యాంటు, అబ్దుల్ ముహీత్ అనే కొత్త పేరు తెచ్చుకున్నాడు. రూములో కలిసి ఉన్న స్నేహితులు పుస్తకాలు చదివించారట. తండ్రిని అబ్బా అని, తల్లిని అమ్మీ అని పిలవడం మొదలుపెట్టాడు. ఊరివాళ్లు కొత్త పేరు నేర్చుకోవాలని నిజంగానే ప్రయత్నించారు. బక్కయ్య నాలుక తిరగక, "ఏం మూతీ, ఎప్పుడొచ్చినవ్?" అనేవాడు. వాడు కోపంగా చూస్తే, "ఏమన్న తప్పన్ననా?" అని మదారును అడిగేవాడు.

మొహర్రం నెలవంక కనబడే ముందు కొడుకు కొట్టం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "అబ్బా, ఇది షిర్క్. అల్లాకు జోడీ కట్టుడు. ఇత్తడి చెయ్యిని ఎత్తుకొని ఎగురుడు ఏ కితాబుల ఉంది?"

"కితాబు నాకేం తెలుసు బిడ్డా. ఎగిరేది నేను గాదు, ఆయన ఎగిరిపిస్తడు."

"ఆయనెవరు?"

"గదే నాకు ఇప్పటిదాక సమజ్ గాలె."

కొడుకు అన్నం ముట్టడం మానేశాడు. ఒక్కగానొక్క కొడుకు, పైగా మొండివాడు. చివరికి రాజీ కుదిర్చింది హుసేన్‌బీ. "కొట్టం సంగతి నువ్వు ఎత్తకు. దానికి బదులు నాయిన గడ్డం పెంచుతడు, నేను బురఖా ఏసుకుంట. ఇగ బువ్వ తిను" అంది. కొడుకు ఆలోచించి ఒప్పుకున్నాడు. ఒక్కొక్కటే దారికి వస్తుందిలే అనుకున్నాడేమో.

అలా మదారు గడ్డం పెంచింది పీర్లను కాపాడుకోవడానికి. దూది పట్టినప్పుడు అది ఎంత పొడవుందో ఎవరికీ తెలిసేది కాదు; దులిపితే మాత్రం ఉలిక్కిపడేవారు. హుసేన్‌బీ నల్ల బురఖాలో కోదాడ బజారుకు పోతే దుకాణాలవాళ్లు ఆమెతో మర్యాదగా ఉర్దూలో మాట్లాడేవారు. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాక తల ఊపేది. జల్లెడ కోసం పోయి పళ్లెం పట్టుకొని ఇంటికొచ్చిన రోజులున్నాయి.

2007 ఆగస్టులో హైదరాబాద్‌లో బాంబులు పేలాయి. టీవీలో రక్తం, చెప్పులు, ఏడుపులు చూసి మదారు ఆ రోజు షెడ్డు తెరవలేదు. కొడుకు అప్పటికి మిర్యాలగూడలో రైసు మిల్లు పనిలో చేరి ఉన్నాడు. కొన్ని వారాల తర్వాత ఒక పొద్దున ఎర్రబోడుకు జీపు వచ్చింది. గడ్డాల వాళ్లు ఊళ్లో మీటింగులు పెడుతున్నారని ఎవరో ఫోను చేశారట. ఊరంతా వెతికితే గడ్డం ఉన్నవాడు ఒక్కడే దొరికాడు.

స్టేషనులో మదారును కింద కూర్చోబెట్టారు. ఎవరూ కొట్టలేదు. చెప్పులు మాత్రం గుమ్మం బయటే విడిపించారు. ఎక్కడినుంచో డ్యూటీ మీద వచ్చిన సారు ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు.

"నీ దగ్గరికి ఎవరెవరు వస్తారు?"

"ఊరంత వస్తది సార్."

"మీటింగులు ఎక్కడ?"

"మా కొట్టంల. మొహర్రానికి. గుండం తవ్వుతం."

సారు ముందుకు జరిగాడు. "గుండం ఎందుకు?"

"నిప్పు పెడ్తం సార్."

"నీకు ఆర్డర్లు ఎవరిస్తారు?"

మదారు అబద్ధం చెప్పడం ఎరగడు. "పెద్ద పీరు ఇస్తడు సార్."

"వాడెక్కడుంటాడు?"

"మా అటక మీద. పెట్టెల."

సారు పెన్ను తీశాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ కానిస్టేబులు ఈ ప్రాంతంవాడు. నవ్వు బిగబట్టి బిగబట్టి ఇక లాభం లేదని, "సార్, పీరంటే మనిషి గాదు సార్. దేవుడు. మా అమ్మ గూడ మొక్కుతది" అన్నాడు. సారు నమ్మలేదు. కొడుకు సంగతి అడిగి, మిల్లుకు ఫోను చేయించాడు. మిల్లు ఓనరు గట్టిగా మాట్లాడే మనిషి. ఫోనులోంచి అతని గొంతు కింద కూర్చున్న మదారుకు కూడా వినిపించింది.

"ఆ పిల్లగాడా? మంచోడు సార్. గడ్డం గూడ లేదు. మొన్ననే తీసిండు."

మదారు తల ఎత్తి చూశాడు. తన గడ్డం మీద అప్రయత్నంగా చెయ్యి పోయింది.

మధ్యాహ్నానికి బక్కయ్య వచ్చాడు. ఒక్కడు రాలేదు, కర్రలతో, గొంగళ్లతో గొల్లవాళ్లందరూ వచ్చారు. గొర్రెలను ఎవరికి అప్పజెప్పాలో తెలియక కొందరు మందలను కూడా తోలుకొచ్చారు. స్టేషను ముందు రోడ్డంతా గొర్రెలు. బక్కయ్య భార్య సోమమ్మ సరాసరి లోపలికి పోయింది.

"ఓ సారూ, మా పీరునెత్తేటోణ్ని పట్టుకొస్తివి. రేపు గొర్లకు రోగమొస్తే నువ్వు చెప్తవా ఏం జెయ్యాల్నో?"

"అమ్మా, ఇది కేసు విషయం..."

"ఏం కేసు? గాయన గడ్డం సూసి పట్టుకొచ్చినవా? మా మేకపోతులకు గూడ ఉన్నయ్, బయట నిలబడ్డయ్, పట్టుకపో."

సాయంత్రానికి వదిలిపెట్టారు. పోయేటప్పుడు సారు కొంచెం మెత్తబడి, "ఇంటికిపోయి ఆ గడ్డం తీసెయ్ పెద్దాయనా. నీకే మంచిది" అన్నాడు. మరునాడు మదారు కోదాడలో మంగలి కుర్చీలో కూర్చున్నాడు. మంగలి కత్తి తీసి నూరాడు. మదారు అద్దంలో తన ముఖం చూసుకొని, గడ్డాన్ని ఒకసారి పిడికిట పట్టి వదిలాడు. తర్వాత, "వద్దులే. కొసలు సమానం చెయ్యి, సాలు" అన్నాడు. అప్పటిదాకా ఆ గడ్డం కొడుకుది. ఆ రోజు నుంచి అతనిది.

ఆదివారం కొడుకు ఇంటికి వచ్చాడు. నున్నటి చెంపలతో గుమ్మంలో నిలబడ్డాడు. లోపల తండ్రి గుండెల మీది గడ్డంతో కూర్చుని ఉన్నాడు.

"గడ్డముంటే కిరాయికి రూమ్ ఎవ్వరు ఇస్తలేరు అబ్బా" అన్నాడు కొడుకు, నేల చూస్తూ.

"ఎరుకే బిడ్డా. గడ్డం తీసినవని స్టేషన్ల ఫోన్ల విన్న. కాళ్లు కడుక్కొని రా, అన్నం తిందువు."

ఆ పూట పీర్ల మాట ఎవరూ ఎత్తలేదు. కొడుకు మారిపోయాడని కాదు. ఏడాది తిరగ్గానే గడ్డం మళ్లీ వచ్చింది, మాటా మళ్లీ వచ్చింది. దీన్‌లో, అంటే మన మతంలో, కులాలు లేవని, దూదేకుల అనే మాటే మనల్ని తక్కువ చేయడానికి పుట్టిందని, ఇకమీద ఆ మాట ఇంట్లో వినబడకూడదని చెప్పాడు. మదారు సరేనన్నాడు. దూది ఏకడం మానకుండా ఆ మాట మానడం కష్టమేమీ కాలేదు.

కానీ 2011లో కరెంటు ఆఫీసులో లైన్‌మ్యాన్ ఉద్యోగాలు పడ్డాయి. దూదేకులవాళ్లకు బీసీ-బీ కింద వాటా ఉంది. అబ్దుల్ ముహీత్ కాస్తా దూదేకుల నాగుల్‌మీరా అని కులం సర్టిఫికెటుకు పెట్టుకున్నాడు. విచారణకు ఎర్రబోడు వచ్చిన ఉద్యోగి అతని గడ్డం, టోపీ, ప్యాంటు ఎగాదిగా చూశాడు.

"నువ్వు దూదేకుల అంటే నమ్మేదెట్ల? దూదేకులోళ్లు తెలుగోళ్ల లెక్కనే ఉంటరు. పీర్లెత్తుతరు. నిన్ను సూస్తే గట్ల లేవు. సాక్ష్యం ఏంది?"

రచ్చబండ దగ్గర ఊరు చేరింది. నాగుల్‌మీరా టోపీ సర్దుకున్నాడు. తండ్రి వైపు చూశాడు, కొట్టం వైపు చూశాడు.

"మా నాయిన పీర్లెత్తుతడు సార్" అన్నాడు మెల్లగా.

"వినబడలే."

"మా నాయిన పెద్ద పీరు ఎత్తుతడు! మా తాత గూడ ఎత్తిండు! ఊరంత ఎరుకే!"

"నేను సాక్ష్యం సారూ," అని బక్కయ్య ముందుకొచ్చాడు. "గీ మూతి గూడ సిన్నప్పుడు నా సంకనెక్కి పీరుకు ఊదు పట్టిండు." ఆ మాటలన్నీ పంచనామాలో ఎక్కాయి. నాగుల్‌మీరాకు ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో తండ్రికి పెద్దక్షరాల తెలుగు ఖురాను కొనిచ్చాడు. మదారు దాన్ని కళ్లకద్దుకొని, ఆ రోజు నుంచి పొద్దున్నే కూడబలుక్కుంటూ చదవసాగాడు. అర్థమైనచోట ఏడ్చేవాడు. కానిచోట బక్కయ్యను అడిగేవాడు.

2013 నాటికి కోదాడ కాలేజీలో ఇంజనీరింగు చదువుతున్న బక్కయ్య కొడుకు సంతోష్ నుదుట పొడవాటి బొట్టు, మెడలో కాషాయం కండువాతో తిరగడం మొదలుపెట్టాడు. అతనికీ స్నేహితులు దొరికారు, వాళ్లూ అతనితో ఏవో చదివించారు. తురకల దేవుడి ముందు మన గొల్లవాళ్లు ఎగరడమేమిటని ఇంట్లో గొడవ. సంతోష్, నాగుల్‌మీరా చిన్నప్పుడు ఒకే వాకిట్లో ఆడుకున్నవాళ్లు; ఇప్పుడు ఎదురుపడితే ముఖం తిప్పుకొనేవారు. మొహర్రం దగ్గర పడ్డాక పంచాయితీ ముందు మీటింగు పెడితే ఇద్దరూ వచ్చారు. ముందు సంతోష్ లేచాడు.

"పీర్ల పండుగ బందు వెట్టాలె. ఇది మన ధర్మం గాదు."

తర్వాత నాగుల్‌మీరా లేచాడు. "బందు వెట్టాలె. ఇది మా దీన్ గాదు."

జనం ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. బక్కయ్య తువ్వాల భుజాన వేసుకొని లేచాడు. "పదేండ్ల సంది మీ ఇద్దరు ఒక్క మాట మీద నిలబడ్డది ఇదే మొదలు. గా పుణ్యం గూడ పీరుదే. ఇంకేమున్నది, మంచిగ చేద్దాం పండుగ" అన్నాడు.

నవ్వులతో మీటింగు చెదిరిపోయింది. నవ్వనివాళ్లలో ఇద్దరు ఆ కుర్రవాళ్లే. మూడోవాడు మదారు. ఇంటికి వచ్చి బక్కయ్యతో అన్నాడు: "బావా, మోకాళ్లు సాతగావట్లె. చదివినకాడికి చదివిన; ఎత్తాల్నో వద్దో నా మనసుకే తేల్తలేదు. ఎత్తి తప్పు జేస్తున్ననేమో, ఎత్తక తప్పు జేస్తున్ననేమో. ఈ ఏడు నువ్వెత్తు."

"నేనా? నేను గొల్లోణ్ని గద."

"ఇన్నేండ్లు ఆయన జెప్పింది గొర్ల సంగతే గద బావా."

బక్కయ్య తల గోక్కున్నాడు. ఆ సంగతి అతనికి కొత్తగా తోచింది. ఉపవాసం ఉండి, తలస్నానం చేసి, మదారు కూడా పెట్టుకోని కట్టుబాట్లన్నీ తనకు తాను పెట్టుకున్నాడు. కొట్టంలోకి చెప్పులతో వచ్చిన సర్పంచును బయటికి పంపాడు.

పదో రోజు మధ్యాహ్నం పీర్లు బయలుదేరాయి. గొడవ జరగొచ్చని ఎవరో చెబితే పోలీసులు వచ్చారు. పోలీసులు వచ్చారని విని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వచ్చారు. ఎర్రబోడులో అంత జనం ఎన్నడూ చూడలేదు. సందుల్లో కరెంటు తీగలు కిందికి వేలాడుతుంటాయి, పెద్ద పీరు ఎత్తు ఎక్కువ. ఊరేగింపు అయ్యేదాకా లైన్ ఆపి, ముందు ఒక మనిషి నడిచి తీగలు ఎత్తిపట్టాలి. ఆ డ్యూటీ ఆ ఏరియా లైన్‌మ్యాన్‌ది. అంటే నాగుల్‌మీరాది. సెలవు అడిగితే పై ఆఫీసరు, "సొంతూరు, నీకే బాగ తెలుస్తది" అని పంపించాడు.

అలా టోపీ పెట్టుకున్న నాగుల్‌మీరా చేతిలో పొడవాటి ఎండు వెదురు కర్రతో పీరుకు ముందు నడిచాడు. ప్రతి సందులోనూ తీగ ఎత్తి పట్టుకొని, పీరు దాటేదాకా నిలబడి, మళ్లీ ముందుకు పరుగెత్తి ఇంకో తీగ. వెనక డప్పులు. వేపచెట్టు కింద నిలబడ్డ సంతోష్ గట్టిగా అరిచాడు.

"ఏందిరో, పీరుకు తొవ్వ జేస్తున్నవా?"

"నేను డ్యూటీ చేస్తున్న" అన్నాడు నాగుల్‌మీరా, తల తిప్పకుండా.

"మా నాయిన గూడ గదే అంటడు నాతోని" అని సంతోష్ తన తండ్రిని చూపించి విసుక్కున్నాడు. అయినా అక్కడినుంచి కదల్లేదు.

మదారు ఇంటి ముందుకు రాగానే పీరు ఆగిపోయింది. బక్కయ్య కళ్లు మూసుకొని, ఒళ్లంతా వణుకుతూ, ముందుకు కదలడు, వెనక్కి కదలడు. ఎవరెన్ని చెప్పినా అంతే. డప్పులు ఆగాయి. ఖురాను చదువుకుంటున్న మదారు దాన్ని మూసి, అరుగు మీదికి వచ్చాడు. ఏళ్లతరబడి అదే పీరును మోసినవాడు. ఆ వణుకు ఎట్లాంటిదో తెలిసినవాడు. దగ్గరికి పోయి చెవిలో అడిగాడు.

"ఆగింది పీరా, నువ్వా బావా?"

బక్కయ్య కళ్లు తెరవలేదు. పెదవులు మాత్రం కదిలాయి. "ఎవలైతేంది. కాళ్లు కాల్తున్నయ్, నీళ్లు పొయ్యి."

హుసేన్‌బీ అప్పటికే బురఖా మీద కొంగు బిగించి బిందె తెచ్చి పెట్టింది. మదారు వంగాడు. గడ్డం బిందె అంచుకు తగలకుండా ఎడమచేత్తో పక్కకు పట్టుకొని, కుడిచేత్తో చెంబు ముంచి బక్కయ్య పాదాల మీద పోశాడు. మట్టి కొట్టుకుపోయి, పగిలిన మడమలు బయటపడ్డాయి. మళ్లీ పోశాడు. పైన తీగ ఎత్తి పట్టుకున్న నాగుల్‌మీరాకు చేతులు లాగుతున్నాయి. ఫోను మోగుతోంది.

"జల్ది కానియ్యండ్రి. సబ్‌స్టేషన్‌ల లైన్ ఇస్తమంటున్నరు" అని అరిచాడు.

"ఆగుమని చెప్పు" అంది హుసేన్‌బీ.

నాగుల్‌మీరా కర్రను భుజానికి ఆనించుకొని, ఒక చేత్తో ఫోను తీసి, "ఇంకొంచెం సేపు సార్. పీరు ఇంకా దాటలె" అని చెప్పాడు.

డప్పులు మళ్లీ మొదలయ్యాయి. పీరు వాగు వైపు సాగిపోయింది, దాని ముందు వెదురు కర్ర, దాని వెనక పోలీసులు. బిందెలో ఇంకా నీళ్లు మిగిలాయి. పారబోయడం ఎందుకని మదారు అక్కడే అరుగు మీద కూర్చొని, ఆ నీళ్లతోనే ముఖం, చేతులు, కాళ్లు కడిగి వజూ చేసుకొని, సాయంత్రపు అసర్ నమాజుకు లోపలికి పోయాడు.